కథకు నాలుగు హద్దులు

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నవాళ్లు అయిదుగురు. వాకిట్లో వేపపుల్ల నములుతున్న అప్పలసూరి. పొయ్యి ముందు కూర్చుని చోడి అంబలి కాస్తున్న ఆయన భార్య తాయారు. అరుగు మీద కాళ్లు చాపుకొని చుట్ట కాలుస్తున్న ఆయన తల్లి జగ్గమ్మ. ఎవరూ లేపకపోతే మధ్యాహ్నం దాకా లేవని ఆయన తమ్ముడు జోగయ్య. వీళ్లెవరికీ అడ్డు రాకుండా గోడ వారగా నడిచే ఆయన కూతురు పద్మకుమారి. ఉండవలసి ఉండి లేనిది అమ్మవారికి మొక్కిన నల్లకోడి ఒక్కటే. దాన్ని మూడు రోజుల కిందట ముంగిస ఎత్తుకుపోయిందని జోగయ్య చెప్పాడు. ముంగిసను అతను తప్ప ఇంకెవరూ చూడలేదు.

పదిహేనేళ్ల పద్మకుమారి ఆ పొద్దుటి పనిని ముందు రోజే తన డైరీలో రాసిపెట్టుకుంది. తెల్లవారకముందే వీధి గోడ మీద బొమ్మలు వేయాలి. ఏడింటికి ఒకరికి, ఎనిమిదింటికి ఇంకొకరికి చూపించాలి. రెండు వేలిముద్రలు తీసుకోవాలి. పదింటికి మాస్టారు వస్తారు. పన్నెండుంపావుకు శ్రీకాకుళం బస్సు. ఇందులో కష్టమైనది ఏదీ ఆమెకు కనిపించలేదు, మనుషులతో మాట్లాడవలసిన భాగం తప్ప. అదృష్టవశాత్తు మాట్లాడకూడదన్నదే మాస్టారు పెట్టిన నిబంధన.

గణపతిరావు మాస్టారు ఊరి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం కథలు రాయడం నేర్పేవారు. పోయిన నెలలో కొండబాబు అనే కుర్రవాడు ఒక కథ తెచ్చి చదివాడు. కథ బాగుంది. కాని అందులో నాయకుడు నరసన్నపేటలో ట్రాము దిగి ఇంటికి వచ్చాడు. "నరసన్నపేటలో ట్రాము ఎక్కడిదిరా?" అని మాస్టారు అడిగారు. కొండబాబు చాలాసేపు ఆలోచించి, "కొత్తగా ఎట్టినారండి" అన్నాడు. ఆ రోజు మాస్టారు గ్రంథచౌర్యం గురించి రెండు గంటలు మాట్లాడారు. ఇంకొకరి కథ చెప్పకుండా తీసుకుంటే దొంగతనం, ఎవరిదో చెప్పి తీసుకుంటే గౌరవం. ఆ గౌరవం సొంతదారుకే దక్కాలి. ఇది ఆయన మాటల సారాంశం.

ఆ తరువాత ఆయన ఎవరి మాటా నమ్మడం మానేశారు. పరీక్ష కొత్తగా పెట్టారు. కథను అయిదు బొమ్మల్లో చెప్పాలి. ఒక్క అక్షరం ఉండకూడదు. చదువు రాని పెద్దవాళ్లకు చూపిస్తే వాళ్లు చూసి కథ చెప్పాలి. వేసినవాళ్లు నోరు తెరిచి వివరించారో, సున్నా. చివర ఆ పెద్దలే "ఈ కథ మాది కాదు, మేము ఎరిగినవాళ్లది కాదు" అన్న కాగితం మీద వేలిముద్ర వేయాలి. నెగ్గిన ఒక్కరినే శ్రీకాకుళంలో సోమవారం మొదలయ్యే మూడు రోజుల కథా శిబిరానికి పంపుతారు.

అప్పలసూరి కూడా ఒక నిబంధన పెట్టాడు. "మాస్టారు పంపితే ఎల్లు, నానే దిగబెడతాను. నేదంటే ఈ ఆదివారం సదువు మానీసి ఇంటికాడుండు." పద్మకుమారికి వారం మొత్తంలో నోటినుంచి వచ్చే మాటలకన్నా ఆదివారం క్లాసు రెండు గంటల్లో కాగితం మీదికి వచ్చేవే ఎక్కువ. అందుకే పదిహేను రోజులు ఆలోచించి, ఎవరి దగ్గరా విననిది, ఎక్కడా చదవనిది, ఎవరికీ జరగడానికి వీల్లేనిది ఒక కథ కట్టింది. ఒక మనిషి గొడుగు వేసుకొని సముద్రం చూడడానికి వెళతాడు. గాలికి గొడుగు ఎగిరిపోతుంది. అది తిరగబడి నీళ్లలో పడుతుంది. ఎక్కడినుంచో ఒక కోడి వచ్చి అందులో కూర్చుంటుంది. మనిషి గొడుగును, కోడిని ఇంటికి తెచ్చుకుంటాడు. అంతే కథ.

పండక్కి సున్నం కొట్టిన గోడ తెల్లగా ఉంది. పద్మకుమారి పుల్లకు గుడ్డ చుట్టి, ఎర్రమట్టి జాజులో ముంచి, అయిదు బొమ్మలూ వేసింది. నాలుగో బొమ్మ దగ్గర జాజు అయిపోతే కోడిని బొగ్గుతో వేసింది. తరువాత నాయనమ్మను చెయ్యి పట్టుకొని తెచ్చి గోడ ముందు నిలబెట్టింది.

"మామ్మా, ఇది సూడు. ఏటున్నాదో సెప్పు," అని పెదవులు బిగించేసింది.

జగ్గమ్మ చుట్ట నోట్లోంచి తీసి, మొదటి బొమ్మకు మొహం ఆనించి చూసింది. "ఆడమనిసి. నెత్తిమీద సేట ఎట్టుకున్నాది."

అది మగమనిషి, అది గొడుగు అని చెప్పడానికి పద్మకుమారి నోరు తెరిచింది. సున్నా గుర్తుకొచ్చి మూసింది.

"వానలో ఎల్లిపోతన్నాది. ఇదిగో, గాలికి సేట ఎగిరిపోనాది. ఇదిగో, గుంటలో పడిపోనాది. ఇదిగో కోడి..." జగ్గమ్మ మాట ఆగిపోయింది. చుట్ట చల్లారిపోయింది. "ఓలమ్మో! ఇది నానే!"

నలభై ఏళ్ల కిందట జగ్గమ్మ ఒక కోడి విషయంలో అత్తగారితో తగవుపడి, ఆ కోడిని చంకలో పెట్టుకొని, వానకు చేట నెత్తిన పెట్టుకొని, పాతపట్నంలో ఉన్న పుట్టింటికి నడిచి వెళ్లిపోయింది. ఈ సంగతి తెలిసినవాళ్లెవరూ బతికి లేరని ఆమె నిశ్చింతగా ఉంది.

"ఎవులు సెప్పినారే నీకు? మీ తాత సచ్చిపోయి పదేళ్లయినాది, ఆడు సెప్పడు. మా అత్త సెప్పిందనుకుంటే అదీ నేదు. ఎవులే?"

పద్మకుమారి మాట్లాడకుండా కాగితం చేతికిచ్చింది. దాన్ని ఇటూ అటూ తిప్పి జగ్గమ్మ పొయ్యి దగ్గరికి తీసుకువెళ్లి, రెండో తరగతి చదివిన కోడలి చేత చదివించుకొని, మరింత మండిపడుతూ వచ్చింది.

"నాది కాదని ఏలిముద్ర ఎయ్యాలా? నడిసింది నాను. కాళ్లు బొబ్బలెక్కినాయి నాకు. ఆ కత నాది కాకపోతే మరెవులిదే, మీ యమ్మదా?"

"మద్దిలో నన్నెందుకు లాగుతారత్తా? నానెక్కడికీ ఎల్లిపోనేదు," అంది తాయారు లోపలినుంచి.

"ఎల్లిపోతే తెలిసేది!" అని జగ్గమ్మ ఆ సంగతి తేల్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఈ కేకలకు జోగయ్యకు మెలకువ వచ్చింది. కళ్లు నులుముకుంటూ వీధిలోకి వచ్చి, నాలుగో బొమ్మ దగ్గర చేతులు కిందికి జారవిడిచాడు. గొడుగు. గొడుగులో నల్లకోడి. నిజానికి ముంగిస ఏదీ రాలేదు. జోగయ్యే ఆ కోడిని మూసిన గొడుగులో దాచి నరసన్నపేట తీసుకువెళ్లి, స్నేహితులతో కలిసి కాల్చుకు తిన్నాడు. అమ్మవారికన్నా అతనికి తల్లి అంటేనే ఎక్కువ భయం.

"ఈ కోడిని నల్లగా ఎందుకేసినావే?" అన్నాడు గొంతు తగ్గించి.

పద్మకుమారి జవాబు చెప్పలేదు.

"ఎంతమందికి తెలుసు?"

ఆమె నేల చూసింది.

"సూడు పాపా, నరసన్నపేట నుంచి గాజులు తెస్తాను. డజను." ఆమె కదలలేదు. "రెండు డజన్లు. రిబ్బను. సబ్బు." ఆమె ఇంకా నేలే చూస్తూ ఉంది. "అమ్మో, ఏటే నువ్వు! మీ నాన్న కన్నా గట్టిదానివి," అని జోగయ్య పెరట్లోకి పరుగెత్తి, పండక్కి మిగిలిన సున్నం ముంతతో తిరిగి వచ్చాడు. పద్మకుమారి చెయ్యి పట్టుకొని ఆపబోయింది కాని అప్పటికే కోడి మీద సున్నం పడింది. సున్నం బొగ్గును కప్పలేదు. రెండూ కలిసి బూడిదరంగు తేలాయి. జోగయ్య రుద్దిన కొద్దీ కోడి లావెక్కింది. గొడుగును దాటింది. ఒక పక్కకు కారిన సున్నం పొడుగాటి తోక అయింది. కాళ్లు మాత్రం పోలేదు.

అదే సమయానికి బుల్లమ్మ తట్ట నెత్తిన పెట్టుకొని "సేపలో!" అని కేక వేస్తూ వీధి మలుపు తిరిగింది. సముద్రపు ఒడ్డు పల్లెనుంచి ఆదివారం ఆదివారం వస్తుంది. పద్మకుమారికి ఇంకా రెండు వేలిముద్రలూ కావాలి. బుల్లమ్మకు చదువు రాదు, ఈ ఊరు కాదు, ఈ ఇంటి గొడవలేవీ తెలియవు. ఇంతకన్నా మంచి సాక్షి దొరకదనుకొని గోడను వేలితో చూపించింది.

బుల్లమ్మ తట్ట దించి, నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది. "తెప్ప. గాలి. తెప్ప తిరగబడిపోనాది. ఇదేటి, సొరా?" అని దగ్గరికి వెళ్లి, ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మా! మా నూకయ్య!"

బుల్లమ్మ మొగుడు నూకయ్య నిరుడు తుపానులో తెప్ప తిరగబడితే సొరచేప తనను వీపు మీద ఎక్కించుకొని ఒడ్డున దించిందని చెప్పేవాడు. పల్లెలో ఒక్కరూ నమ్మలేదు. అతను కల్లు తాగి ఇసకలో పడుకున్నాడని అందరూ అనేవాళ్లు.

"సూసినావా? గోడెక్కినాదంటే నిజమే కదా? ఏడాదినుంచి ఎక్కిరిస్తన్నారు మమ్మల్ని!" అని బుల్లమ్మ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక కోపం వచ్చింది. "అయితే ఒక్క మాట అడగొద్దా గుంటా? మొగుడు నావోడు, కత నాది. అడక్కుండా ఎలా ఏసీసినావు?"

"నీ మొగుడెక్కడే ఇందులో? ఇది నాను!" అంటూ జగ్గమ్మ లోపలినుంచి దూసుకొచ్చింది.

"నువ్వు సొరనెక్కినావేటి?"

"సొర కాదు, కోడి!"

"కోడికి ఆ తోకేటి?"

"పెద్ద కోడి!"

"సొరేనమ్మా," అన్నాడు జోగయ్య ఆత్రంగా, సున్నం చేతులు వెనక దాచుకుంటూ. "నాను మంచిగా సూసినాను. కోడి అసలు కాదు."

"సొరకి కాళ్లుంటాయేటిరా?"

"కొన్నింటికుంటాయి."

ఈ గొడవ రెండు వీధులు వినిపించింది. కరణం జగన్నాధం గారు గొడుగు వేసుకొని వచ్చారు. ఆ ఊళ్లో గొడుగు ఉన్నది ఆయన ఒక్కరికే. ఎండ ఉన్నా లేకపోయినా అది తెరిచే ఉండేది.

"ఏమిటర్రా ఈ గోల?" అని గోడ వైపు తిరిగి, ఆయన బొమ్మలన్నీ వరసగా చూశారు. తరువాత మెల్లగా మాట్లాడారు. "ఇది నేను. రెండోది, గాలికి నా గొడుగు ఎగిరిపోవడం. కార్తీకంలో జరిగింది. మూడోది, గొడుగు చెరువు గట్టు కింద బురదలో పడడం. నాలుగోది..." ఆయన బూడిదరంగు ఆకారాన్ని, దాని తోకను, కాళ్లను చూశారు. "నాలుగోది కూడా నేనే. బురదలో."

తాను బురదలో పడ్డ సంగతి ఆయన ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

"ప్రభుత్వోద్యోగికి తోక పెడతావా?" అని ఆయన పద్మకుమారి మీదికి గొడుగు ఊపారు. "ఎవరు చూశారు నన్ను? చెప్పు!"

ఆమె నోరు తెరవలేదు. పదింటి దాకా, మాస్టారు వచ్చే దాకా ఓర్చుకుంటే చాలు అనుకుంది. ఆమె మౌనం చూసి జగ్గమ్మకు అత్తగారితో పడిన తగవు, జోగయ్యకు ముంగిస, బుల్లమ్మకు ఊరి ఎగతాళి, కరణం గారికి బురద గుర్తుకొచ్చాయి. ఈ పిల్లకు అన్నీ తెలుసునని నలుగురూ నిర్ణయించుకున్నారు.

"ఈ కథ ఎవరిదో ముందు తేలాలి," అని కరణం గారు అరుగు మీద కూర్చుని, సంచిలోంచి కాగితం, కలం, సిరా గుడ్డ తీశారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన రాసిన కాగితాలన్నీ పొలాలవీ, ఇళ్ల స్థలాలవీ. కాగితం ఎలా మొదలుపెట్టాలో ఆయన చేతికి ఒకే ఒక పద్ధతి తెలుసు. "హద్దులు చెప్పండి."

"ఏటి హద్దులు బాబూ?" అంది బుల్లమ్మ.

"కథకు. నాలుగు వైపులా ఏముందో చెప్పాలి. లేకపోతే రేపు ఎవరైనా కలుపుకుంటారు."

"ఉత్తరాన పాతపట్నం, మా పుట్టిల్లు," అంది జగ్గమ్మ వెంటనే.

"తూరుపున సముద్రం," అంది బుల్లమ్మ.

"దక్షిణాన నేను పడిన... నేను నిలబడిన గుంట," అని కరణం గారు తనది తానే రాసుకున్నారు. "పడమర?"

అందరూ జోగయ్యను చూశారు. అతనికి పడమర ఉన్నది నరసన్నపేట. "పడమర ఏటీ నేదు బాబూ. కాళీ," అన్నాడు.

"ఒక హద్దు లేని కథ చెల్లదు." కరణం గారు అటు ఇటు చూసి, "పడమర, అప్పలసూరి మేకల సాల" అని రాసేశారు. కింద ఫిర్యాదు రాశారు. పై హద్దుల నడుమ ఉన్న కథ తమదేననీ, తమను అడగకుండా తీసి గోడకెక్కించారనీ, గోడకు మళ్లీ సున్నం కొట్టించి ఈ పిల్ల చేతికి ఇక పుల్ల ఇవ్వరాదనీ. తాను సంతకం చేశారు. జగ్గమ్మ, బుల్లమ్మ వేలిముద్రలు వేశారు. జోగయ్య మాత్రం "నాకే కతా నేదు. నానసలు ఏ కతలోకీ రాను," అని వేలు వెనక్కి లాక్కున్నాడు.

పద్మకుమారి చేతిలో ఉన్న కాగితం మీద "ఈ కథ మాది కాదు" అని ఉంది. దాని కింద ఖాళీ. అరుగు మీద ఉన్న కాగితం మీద "ఈ కథ మాదే" అని ఉంది. దాని కింద సిరా ఇంకా ఆరలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పలసూరి మొహం కడుక్కొని వచ్చి రెండు కాగితాలూ చూసి, "మాస్టారు రానీ. ఆయనేటంటే అదే," అన్నాడు.

గణపతిరావు మాస్టారు సరిగ్గా పదింటికి సైకిలు దిగారు. గోడ చూశారు. నలుగురినీ విడివిడిగా కథ చెప్పమన్నారు. కథ లేదన్న జోగయ్యను వదిలేసి మిగిలిన ముగ్గురూ చెప్పారు. జగ్గమ్మ చేట కథ చెప్పి ఏడ్చింది. బుల్లమ్మ సొర కథ చెప్పి నవ్వింది. కరణం గారు బురద కథ ఎవరికీ వినబడకుండా చెప్పారు. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"అక్షరం ముక్క లేదు. చూసినవాళ్లు చెబుతున్నారు, ఏడుస్తున్నారు! నేను చెప్పింది ఇదే!" తరువాత ఆయన హద్దుల కాగితం చదివారు. వెలుగు ఆరిపోయింది. "పద్మకుమారీ, ఇది నువ్వు ఊహించి వేసినదేనా?"

జవాబు చెబితే వివరించినట్టవుతుందా, కాదా? ఆమెకు తెలియలేదు. ఇంత దూరం వచ్చి సున్నా తెచ్చుకోవడం ఇష్టం లేక, గట్టిగా తల ఊపింది.

"సూడండి, తలూపినాది! తప్పొప్పుకున్నాది!" అంది జగ్గమ్మ.

"నోరు మాత్రం తెరవలేదు," అన్నారు మాస్టారు మెచ్చుకోలుగా. "నిబంధన పాటించినందుకు పదికి పది. కాని అమ్మాయీ, కథ నీది కాదని ఇంతమంది పెద్దలు రాసిచ్చాక నేనేం చెయ్యను? క్లాసులో ఏం చెప్పాను? గౌరవం సొంతదారుకు దక్కాలి. శిబిరానికి కథ సొంతదారే వెళ్లాలి."

"ఎక్కడికి?" అంది బుల్లమ్మ.

"శ్రీకాకుళం. మూడు రోజులు. బస, భోజనం వాళ్లవే. రేపు రథసప్తమి కూడానూ. అరసవల్లి గుడి పక్కనే."

జగ్గమ్మ సున్నం ముంతను కాలితో దూరంగా తోసింది. "గోడకి సున్నం ఎయ్యమన్నదెవులు? నా కతమీద సెయ్యెయ్యండి సూత్తాను!" బుల్లమ్మ తట్ట నెత్తిన పెట్టుకొని ప్రయాణానికి సిద్ధమైంది. కరణం గారు తోక ఉన్న ఆకారాన్ని మరోసారి పరిశీలించి, పోలిక బాగానే కుదిరిందన్నారు.

జోగయ్య ఒక్కడే మిగిలిపోయాడు. అందరి మొహాలూ చూశాడు.

"మాస్టారూ! అది సొర కాదండి, కోడే! నాను తిన్న కోడి!" అని గుండె మీద కొట్టుకున్నాడు. "ముంగిసా నేదు, ఏటీ నేదు. గొడుగులో ఎట్టుకుని నరసన్నపేట పట్టుకెల్లి కాల్సుకు తిన్నాను. పడమర హద్దు నాదండి! నాకూ ఏలిముద్ర!"

"ఎవరి గొడుగులో?" అన్నారు కరణం గారు.

"మీదేనండి. మీ అరుగుమీద ఆరెట్టింది."

"అమ్మోరి కోడి తిన్నావట్రా ఎదవా!" జగ్గమ్మ చీపురు అందుకుంది. దెబ్బలు తింటూనే జోగయ్య సిరా గుడ్డ అందుకొని వేలిముద్ర వేశాడు. ఆ వేలిముద్ర కొంచెం పొడుగ్గా పడింది.

"ఒక్కరికే సోటన్నారు కదండీ?" అన్నాడు అప్పలసూరి.

"కథ ఒక్కటే కదా," అన్నారు మాస్టారు. జాబితాలో నలుగురి పేర్లూ రాశారు. కలం మూయబోతూ పద్మకుమారిని చూసి జాలిపడి, చివర అయిదో పేరు చేర్చారు. "బొమ్మలు వేసినది: పద్మకుమారి." అప్పలసూరి ఆ జాబితా రెండుసార్లు చదువుకొని, "పేరున్నాది కదా. సరే, నడు," అన్నాడు. పద్మకుమారికి అదే చాలు అనిపించింది. అక్కడికి చేరితే, కాగితం, కలం ఇస్తే, ఏది ఎవరిదో మళ్లీ మొదటినుంచి రాయవచ్చు.

పన్నెండుంపావు బస్సు అరసవల్లి వెళ్లే భక్తులతో అప్పటికే కిక్కిరిసి వచ్చింది. గొడుగు అడ్డం పెట్టి కరణం గారు ఎక్కారు. తట్టతో బుల్లమ్మ ఎక్కింది. జోగయ్యను రెక్క పట్టుకొని లాక్కుంటూ జగ్గమ్మ ఎక్కింది. కూతురికి చోటు పట్టడానికి అప్పలసూరి తువ్వాలు విసిరి, దాని వెనకే తానూ ఎక్కాడు. పెద్దవాళ్లందరూ ఎక్కేదాకా ఆగడం పద్మకుమారికి అలవాటు. లోపల ఉన్న ఒక్క ఖాళీ సీటు కోసం, కథ ఎవరిదైతే సీటు వాళ్లదేనని నలుగురూ కండక్టరుకు నాలుగు హద్దులూ చెప్పడం కిందికి వినిపిస్తోంది.

ఆమె మెట్టు మీద కాలు పెట్టేసరికి కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "సోటు నేదమ్మా. దిగు."

ఇప్పుడు నోరు తెరిస్తే సున్నా వేసేవాళ్లెవరూ లేరు. పద్మకుమారి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రోడ్డు మీద బండికి కట్టిన ఎడ్లు తల తిప్పి చూసేంత గట్టిగా అరిచింది.

"ఆ కత నాది!"

"లోపలున్నోలందరూ అదే అంతన్నారమ్మా," అని కండక్టరు విసుగ్గా తలుపు మూసేశాడు.

ఆ ఏడాది జిల్లాలో రచయితలకు కొరత రాలేదు.